ముక్త రాసిన వ్యాసం, సావిత్రిబాయి చెప్పిన పాఠం

జనవరి 3 వచ్చిందంటే ఊరూరా సావిత్రిబాయి ఫూలే పటానికి దండలు పడతాయి. తెలంగాణలో 2025 నుంచి ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రభుత్వమే జరుపుతోంది. గురుకులాల్లో, హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో సభలు పెడతారు. ఎవరో ఒక పాప మైకు పట్టుకుని కంఠస్థం చేసిన ప్రసంగం అప్పజెబుతుంది. ఆమె బడికి వెళ్తుంటే దారిలో పేడ కొట్టారు, రాళ్లు విసిరారు, అందుకే సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది, బడికి చేరాక మార్చుకునేది. చప్పట్లు. సభ అయిపోతుంది.

ఆ కథను చెప్పుకోవాల్సిందే. కానీ మనం చెప్పుకునే కథ ఎప్పుడూ బడి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. చీర మార్చుకుని లోపలికి వెళ్లాక ఆ పంతులమ్మ ఏం చేసింది? పలక ఎన్నడూ పట్టని పిల్లల్ని రేపు కూడా రావాలనిపించేలా ఎలా కూర్చోబెట్టింది? ఆమె ఓర్పును పొగిడినంతగా ఆమె పనిని మనం పట్టించుకోలేదు. రాళ్లకు తట్టుకున్న మనిషిగా నిలబెట్టేసి, పాఠం చెప్పడం తెలిసిన మనిషిగా మర్చిపోయాం. ఆమె జీవితాన్ని ఈసారి తరగతి గది వైపు నుంచి చూద్దాం.

నాయిగావ్ నుంచి పూణెకు

సావిత్రిబాయి 1831 జనవరి 3న సతారా జిల్లా నాయిగావ్‌లో పుట్టింది. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్, తల్లి లక్ష్మీబాయి. మాలి కులం. 1840లో, తొమ్మిదేళ్ల వయసులో, పదమూడేళ్ల జ్యోతిరావుతో పెళ్లయింది. అత్తారింటికి పూణె వచ్చేనాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. చదువు మొదలుపెట్టింది భర్త దగ్గరే. జ్యోతిరావుకు బంధువైన సగుణాబాయి క్షీరసాగర్ కూడా ఆమెతో పాటు నేర్చుకుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇంట్లో నాలుగు అక్షరాలు నేర్చుకుని నేరుగా పాఠం చెప్పడానికి ఆమె వెళ్లలేదు. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ నడిపిన సంస్థలో, పూణెలోని నార్మల్ స్కూల్లో ఆమె ఉపాధ్యాయ శిక్షణ పొందిందని జీవిత చరిత్రకారులు రాశారు. అంటే చదువు రావడం వేరు, చదువు చెప్పడం వేరు అన్న ఎరుక ఆ దంపతులకు మొదటి నుంచీ ఉంది. ఇవాళ టీచరు పోస్టు కోసం శిక్షణ తీసుకుంటున్న మన పిల్లలకు సావిత్రిబాయి అందుకే చాలా దగ్గరి మనిషి. ఆమె కూడా శిక్షణలో కూర్చుని నేర్చుకున్న మనిషే.

భిడేవాడాలో మొదలు

1848లో పూణె బుధవార్ పేటలోని భిడేవాడాలో ఆడపిల్లల బడి తెరిచారు. అప్పటికి సావిత్రిబాయికి పదిహేడేళ్లు, జ్యోతిరావుకు ఇరవై ఒకటి. పీష్వాల పాలన ముగిసి అప్పటికి సరిగ్గా ముప్పై ఏళ్లు. మహర్లు, మాంగ్‌లు మెడలో ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిన ఊరు అది. ఆ అవమానాలు పడ్డవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, వాటిని అమలు చేసినవాళ్లూ బతికే ఉన్నారు. అలాంటి ఊళ్లో ఒక శూద్ర స్త్రీ ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. ఆ వెంటే మహర్, మాంగ్ పిల్లల కోసం కూడా బడి మొదలైంది. అందులో సగుణాబాయి పాఠాలు చెప్పింది.

ఊరి పెద్దల ఒత్తిడికి జ్యోతిరావు తండ్రి గోవిందరావు తలొగ్గాడు. బడైనా మానుకోండి, ఇల్లైనా వదలండి అన్నాడు. 1849లో ఆ దంపతులు ఇల్లు వదిలారు. వాళ్లకు నీడనిచ్చింది ఉస్మాన్ షేక్ కుటుంబం. బడి కొన్నాళ్లు ఆగింది, మళ్లీ లేచింది. 1851 జూలై 3న చిప్లూణ్‌కర్ వాడాలో ఒకటి, అదే ఏడాది సెప్టెంబర్ 17న రాస్తా పేటలో మరొకటి, 1852 మార్చి 15న వేతాళ్ పేటలో ఇంకొకటి తెరిచారు. 1851 చివరికే ఆ బడుల్లో సుమారు 150 మంది ఆడపిల్లలు చదువుతున్నారు. 1852 నవంబర్ 16న విశ్రామ్‌బాగ్ వాడాలో బ్రిటిష్ ప్రభుత్వం ఈ దంపతుల విద్యాసేవకు బహిరంగంగా సన్మానం చేసింది.

గుమ్మం దాటాక

పంతుళ్ల వీధి బడుల్లో అప్పుడు నడిచింది వల్లెవేత. శ్లోకాలు, ఎక్కాలు, బెత్తం. మగపిల్లలకు, అదీ పై కులాల మగపిల్లలకు. ఫూలేల బడుల్లో చదవడం, రాయడంతో పాటు లెక్కలు, వ్యాకరణం, భూగోళం, చరిత్ర చెప్పారు. పుణ్యం కోసమో, పెళ్లి సంబంధం కోసమో చెప్పిన చదువు కాదది. తమ చుట్టూ ఉన్న లోకం ఎలా నడుస్తోందో పిల్లలకు తెలియాలని చెప్పిన చదువు.

పిల్లలు బడి మానేయకుండా ఉండటానికి వాళ్లకు చిన్న మొత్తంలో డబ్బు ఇచ్చేవారని, తల్లిదండ్రులను పిలిచి చదువు ఎందుకో వివరించేవారని చరిత్రకారులు చెబుతారు. కూలికి పోతే నాలుగు గింజలు వచ్చే ఇంట్లో, పిల్లను బడికి పంపడమంటే ఆ గింజలు వదులుకోవడమే. ఆ లెక్క సావిత్రిబాయికి తెలుసు. పిల్ల రాకపోతే ఆ పిల్లకు శ్రద్ధ లేదని సరిపెట్టుకోకుండా, రాకపోవడానికి కారణం ఇంట్లో ఎక్కడుందో వెతికింది. 1855లో పగలంతా పనిచేసే రైతులు, కూలీల కోసం రాత్రి బడి కూడా మొదలుపెట్టారు.

రెండో సంగతి, పిల్లలను నలుగురి ముందు నిలబెట్టడం. ఈ బడుల పరీక్షలు నాలుగు గోడల మధ్య జరగలేదు. ఊరందరి ముందు, బహిరంగంగా జరిగాయి. 1853 ఫిబ్రవరిలో పూనా కాలేజీ ఆవరణలో ఆడపిల్లల పరీక్ష చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. ఆడపిల్ల చదివితే కొంప మునుగుతుందని నమ్మిన ఊరి నడిబొడ్డున, ఆ ఆడపిల్లే లేచి నిలబడి ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆ పిల్లకు మార్కుల కన్నా ముందు దక్కింది, తన గొంతు నలుగురూ విన్నారన్న ధైర్యం. బహుమతులిచ్చే సభలో ఒక చిన్నారి తమకు బొమ్మలు వద్దని, బడికి గ్రంథాలయం కావాలని అడిగిందన్న ముచ్చట జీవిత చరిత్రల్లో కనిపిస్తుంది. ఆ పిల్ల ముక్తే అని కొందరు రాశారు.

మూడోది, ఆట, పాట. 1854లో సావిత్రిబాయి కావ్య ఫూలే అన్న కవితా సంపుటి ప్రచురించింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. అందులో ప్రకృతి మీద, శూద్రుల కష్టాల మీద, ఇంగ్లీషు చదువు మీద రాసిన కవితలతో పాటు, అమ్మాయిలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు సాగే సంభాషణ గేయం కూడా ఉంది. చదువుకుందామని ఒకరంటే, ఆడుకుందామని ఇంకొకరు, ఇంటిపని సంగతేమిటని మరొకరు అంటారు. పిల్లల మనసులో నిజంగా ఉండే తర్జనభర్జనే అది. ఆట మీద మనసుపోవడం తప్పని ఆమె గదమాయించలేదు. ఆ మాటను పాటలోకే తెచ్చి, పిల్లల చేతే దానికి జవాబు చెప్పించింది. తరగతిలో నీరసంగా కూర్చున్న పిల్లలను లేపడానికి ఇవాళ శిక్షణ తరగతుల్లో పాత్రాభినయం, బృంద చర్చ అని పేర్లు పెట్టి నేర్పిస్తున్నారు. ఆ గేయాన్ని నలుగురు పిల్లలకు పంచి చదివిస్తే రెండూ అందులోనే ఉన్నాయి.

పద్నాలుగేళ్ల ముక్త

ఈ బడిలో చదువు ఎలా సాగిందో చెప్పే అసలు సాక్ష్యం ఒక విద్యార్థిని రాసిన వ్యాసం. ఆమె పేరు ముక్తా సాళ్వే. మాంగ్ కులం, అంటే మన దగ్గర మాదిగల లాంటి స్థితిలో ఉన్న కులం. ఫూలేల బడిలో మూడేళ్లు చదువుకుంది. మాంగ్, మహర్ల దుఃఖం గురించి ఆమె రాసిన వ్యాసాన్ని అమెరికన్ మిషనరీల మరాఠీ పత్రిక జ్ఞానోదయ 1855 ఫిబ్రవరి 15, మార్చి 1 సంచికల్లో రెండు భాగాలుగా అచ్చేసింది. అప్పటికి ముక్తకు పద్నాలుగేళ్లు.

ఆ వ్యాసంలో ఏముంది? వేదాలు బ్రాహ్మణులవే అయితే, వాటిని కన్నెత్తి చూసే హక్కు కూడా మాకు లేకపోతే, మాకు గ్రంథం లేనట్టే కదా, అప్పుడు మా మతం ఏది అని ఆమె దేవుణ్నే నిలదీసింది. పెద్ద పెద్ద భవనాల పునాదుల్లో మాంగ్‌లను, మహర్లను పాతిపెట్టిన సంగతి రాసింది. తాలింఖానా ముందు నుంచి మాంగ్ గానీ మహర్ గానీ నడిస్తే తల నరికి, గుల్‌టేక్డీ మైదానంలో కత్తులతో ఆ తలను బంతిలా ఆడిన పీష్వాల కాలాన్ని గుర్తుచేసింది. తలమీద కప్పు కూడా లేకుండా ఎండకు, వానకు బిడ్డల్ని కనే తమ ఆడవాళ్ల బాధ రాసింది. చివరికి తన జాతి జనం వైపు తిరిగి, మీ జబ్బుకు మందు చదువే, అది తీసుకోండి అని పిలుపునిచ్చింది.

మూడేళ్ల చదువుతో పద్నాలుగేళ్ల పిల్ల రాసిన వ్యాసం ఇది. వల్లెవేతతో ఇలాంటి రాత రాదు. ఇంట్లో అమ్మ చెప్పిన కథ, వాడలో ముసలాయన చెప్పిన భయం, కళ్లారా చూసిన పురుడు, ఇవన్నీ రాయదగిన విషయాలే అని ఎవరో ఆ పిల్లకు చెప్పి ఉండాలి. దేవుణ్ని ప్రశ్నిస్తే కొట్టరు అన్న భరోసా ఆ గదిలో ఉండి ఉండాలి. పిల్ల రాసినదాన్ని దిద్ది మరీ సాఫీ చేసేయకుండా, ఆమె కోపాన్ని ఆమె మాటల్లోనే అచ్చుకు వెళ్లనిచ్చిన పెద్దలు ఉండి ఉండాలి. సావిత్రిబాయి పాఠం ఎలా ఉండేదో మనకు ఇంతకన్నా బాగా చెప్పేది ఇంకేదీ లేదు. టీచరు గొప్పతనానికి కొలత టీచరు ప్రసంగాల్లో కాక, విద్యార్థి ఏ ప్రశ్న అడగగలిగిందో అందులో ఉంటుంది.

అన్నతో వాదన

ఆమె ఎలా ఒప్పించేదో తెలియాలంటే ఆమె జ్యోతిరావుకు రాసిన ఉత్తరాలు చూడాలి. 1856 అక్టోబర్ 10న పుట్టింటి నుంచి రాసిన ఉత్తరం అందులో ఒకటి. ఒంట్లో బాగోక నాయిగావ్‌లో ఉన్న రోజులవి. అన్నయ్య ఆమెకు సేవ చేస్తూనే, మహర్లకు, మాంగ్‌లకు చదువు చెప్పి కులం నుంచి వెలి పడ్డారు, బ్రాహ్మణులు చెప్పినట్టు నడుచుకోండి అని నచ్చజెప్పబోయాడు.

ఆమె శాస్త్రాలు ఎత్తలేదు. అన్న ఇంట్లో ఉన్నవాటితోనే మొదలుపెట్టింది. ఆవును, మేకను ముద్దు చేస్తావు, నాగపంచమికి పాముకు పాలు పోస్తావు, నీలాంటి మనుషులైన మహర్లను, మాంగ్‌లను మాత్రం ముట్టుకోవు, కారణం చెప్పు అని అడిగింది. మడి కట్టుకున్న బ్రాహ్మణుడు నిన్ను కూడా అంటరానివాడిగానే చూస్తాడు కదా అని ఇంకో మెట్టు ఎక్కించింది. అన్నయ్య దగ్గర జవాబు లేదు. ఎదుటివాడు రోజూ చూసేదాన్ని తీసుకోవడం, దాని పక్కన ఇంకోదాన్ని పెట్టడం, రెండింటి మధ్య తేడా ఎందుకని అడిగి ఊరుకోవడం. తరగతిలో మంచి టీచరు చేసే పని ఇదే. జవాబు తను చెప్పేయదు, జవాబు వెతుక్కునే పని ఎదుటివారికి అప్పగిస్తుంది.

అదే ఉత్తరంలో ఫాతిమా ప్రస్తావన కూడా ఉంది. తను లేకపోవడం వల్ల ఫాతిమాకు పని భారం పెరిగి ఉంటుందని, అయినా ఆమె విసుక్కోదని సావిత్రిబాయి రాసింది. ఉస్మాన్ షేక్ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్. ఆమె అసలు లేనే లేదని, కల్పిత పాత్ర అని ఈ మధ్య ప్రచారం చేస్తున్నవారు ఈ ఒక్క వాక్యానికి సమాధానం చెప్పాలి. ఒక టీచరు జబ్బుపడితే బడి మూతపడలేదు, ఇంకో టీచరు భుజం కింద పెట్టింది. సగుణాబాయి, ఫాతిమా, సావిత్రిబాయి కలిసి నడిపిన పని అది. నాయకత్వం అంటే ఒక్క మనిషి మెరవడమని మనకు అలవాటు చేశారు. తను పక్కకు తప్పుకున్నా పని ఆగకుండా తోటివాళ్లను తయారుచేసుకోవడం ఆమె నాయకత్వం.

బడి బయటా పంతులమ్మే

ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఆమె పని బడి గోడలు దాటింది. 1863లో మోసపోయి గర్భం దాల్చిన వితంతువుల కోసం తమ ఇంట్లోనే ఆశ్రయం తెరిచారు. శిశుహత్యలు ఆపడానికి పెట్టిన ఆ ఇంట్లో పురుళ్లు పోసింది, పసికందుల్ని సాకింది సావిత్రిబాయే. కాశీబాయి అన్న బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన బిడ్డను దత్తత తీసుకున్నారు. ఆ బిడ్డే యశ్వంత్, పెద్దయ్యాక డాక్టరయ్యాడు. 1868లో తమ ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివారికి తెరిచారు. బడిలో పక్కపక్కన కూర్చోబెట్టి, ఇంటి దగ్గర నీళ్లు వేరుగా ఉంచితే పిల్లలు రెండో పాఠాన్నే నేర్చుకుంటారని వాళ్లకు తెలుసు.

అదే ఏడాది ఆగస్టు 29న నాయిగావ్ నుంచి రాసిన ఇంకో ఉత్తరంలో గణేశ్ అన్న బ్రాహ్మణ యువకుడు, శార్జా అన్న మహర్ అమ్మాయి సంగతి ఉంది. ఇద్దరూ ప్రేమించుకున్నారు, అమ్మాయి గర్భవతి. ఊరు ఊరంతా వాళ్లను వీధుల్లో తిప్పి చంపడానికి సిద్ధమైంది. సావిత్రిబాయి పరుగున వెళ్లి, బ్రిటిష్ చట్టం కింద మీకేం శిక్ష పడుతుందో చెప్పి గుంపును ఆపింది. ఇద్దరినీ జ్యోతిరావు దగ్గరకు పంపేసింది. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా కులం దాటి పెళ్లి చేసుకున్న పిల్లలు మన రాష్ట్రాల్లో నరికివేతకు గురవుతున్నారు. ఆ గుంపుకు అడ్డంగా నిలబడే టీచర్లు మనకు ఎందరున్నారు?

1873 సెప్టెంబర్ 24న సత్యశోధక్ సమాజ్ ఏర్పడింది. 1876-77 కరువులో సావిత్రిబాయి ఊళ్లు తిరిగి తిండి కేంద్రాలు నడిపే పనిలో దిగింది. 1877 ఏప్రిల్ 20న జున్నర్ ప్రాంతంలోని ఓతూర్ నుంచి రాసిన ఉత్తరంలో ఎండిన చేలు, చచ్చిపోతున్న పశువులు, ఊళ్లు వదిలిపోతున్న జనం, అప్పుల వ్యాపారుల దౌర్జన్యం గురించి రాసింది. 1890 నవంబర్ 28న జ్యోతిరావు కన్నుమూశాడు. అంతిమయాత్రలో నిప్పుకుండ పట్టే హక్కు ఎవరిదన్న తగువు వస్తే, ఆమే ముందుకొచ్చి కుండ పట్టుకుని నడిచింది. 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక్ సమాజ్ సభకు అధ్యక్షత వహించింది.

1897లో పూణెలో ప్లేగు విరుచుకుపడింది. యశ్వంత్‌ను పిలిపించి ఊరి బయట వైద్య కేంద్రం పెట్టించింది. ముంఢ్వా దగ్గరి మహర్ వాడలో పాండురంగ్ బాబాజీ గైక్వాడ్ కొడుకు ప్లేగుతో పడి ఉన్నాడని తెలిసి, ఆ పిల్లాణ్ని వీపు మీద మోసుకుని కేంద్రానికి చేర్చింది. పిల్లవాడు బతికాడు. ఆమెకు ప్లేగు సోకింది. 1897 మార్చి 10న చనిపోయింది. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు.

ఇవాళ మన తరగతి గదికి

పూణె యూనివర్సిటీకి 2014లో ఆమె పేరు పెట్టారు. శిథిలమైపోయిన భిడేవాడాను 2023 చివర్లో స్మారకం కట్టడానికి కూల్చారు. విగ్రహాలు, పేర్లు, స్మారకాలు మనకు కావాలి. ఆధిపత్య కులాల చరిత్ర తొక్కిపెట్టిన మనిషిని చౌరస్తాలో నిలబెట్టుకోవడం కూడా పోరాటమే.

కానీ ఆమె పేరుతో నడిచే రోజున మన పిల్లలు ఏం చేస్తున్నారో ఒకసారి చూడాలి. ఎస్సీ గురుకులంలో చదివే పాప, తను రాయని ప్రసంగాన్ని, తనకు అర్థం కాని మాటలతో, తప్పు పోతుందేమోనన్న భయంతో అప్పజెబుతోంది. సావిత్రిబాయి ఏ వల్లెవేతను గది బయటకు నెట్టిందో, ఆమె జయంతి నాడే దాన్ని మళ్లీ లోపలికి తెస్తున్నాం. ఆ పాప వాడ, ఆ పాప అమ్మ చేసే పని, హాస్టలు అన్నం, ఊళ్లో తనను పిలిచే తీరు, ఇవేవీ ఆ ప్రసంగంలో ఉండవు.

దీన్ని మార్చడానికి జీవోలు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే జనవరి 3న ముక్తా సాళ్వే వ్యాసాన్ని తెలుగులో తరగతిలో గట్టిగా చదివించండి. ఒక్కొక్కరు ఒక్కో పేరా చదవాలి. చదివాక పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి, ముక్త అడిగిన ప్రశ్నల్లో ఇప్పటికీ జవాబు దొరకనివి ఏవో తేల్చమనండి. ఆ తర్వాత తమ ఇంటి గురించి, తమ వాడ గురించి ఒక్క పేజీ రాయమనండి. అక్షర దోషాలు ఆ రోజుకు వదిలేయండి. రాసినవాటిని పిల్లల పేర్లతో గోడ పత్రికగా అంటించండి. చదవడానికి తల్లిదండ్రులను పిలవండి, చదువురాని తల్లికి ఆ పిల్ల చేతే చదివి వినిపించండి.

విద్యార్థి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. దండ వేసి ఫొటో దిగాక దగ్గర్లోని హాస్టలుకు వెళ్లి ఈ పని చేయించండి. పిల్లలు రాసినవి చదవండి. అందులో వార్డెన్ మీద, మెస్ మీద, కులం పేరుతో పిలిచే టీచరు మీద ఫిర్యాదులు ఉంటే, వాటిని మోసుకుని అధికారుల దగ్గరకు వెళ్లాల్సింది మీరు. రాసిన పిల్ల మీద ఎవరూ చెయ్యి ఎత్తకుండా చూడాల్సిందీ మీరే. ముక్త 1855లో అంత ధైర్యంగా రాయగలిగిందంటే, ఆమె వెనకాల నిలబడ్డ పెద్దలు ఉన్నారు. మన పిల్లలూ ఆ మాత్రం రాస్తారు. వాళ్ల వెనకాల ఎవరు నిలబడతారన్నది మనం తేల్చుకోవాలి.